మీసాల రాకుమారి

మాస్టారికి అరవై మూడేళ్ళు. నున్నటి గుండు, గుబురు మీసాలు, వానొచ్చే ముందు రోజే కబురు పంపే ఎడమ మోకాలు. ఇవన్నీ ఉంచుకునే ఆయన ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా పదహారేళ్ళ రాకుమారి.

ఎవరైనా "ఏమిటిది మాస్టారూ?" అని అడిగారా, అయిపోయారు. లేని ఉంగరాల జుట్టును ఎడమ భుజం మీంచి వెనక్కి విసిరి, చేతిలో ఉన్న అట్టఫైలును విసనకర్రలా ఊపుకుంటూ, గడ్డం పైకెత్తి, "నేల చూసి నడు, గడ్డిపువ్వూ. ఆకాశం మాది" అనేవారు. అడిగినవాళ్ళు నిజంగానే నేల చూసుకుంటూ వెళ్ళిపోయేవారు.

ఆయన పని డబ్బింగ్ మాటలు రాయడం. కళ్ళజోళ్ళ దుకాణం పైన, రెండో అంతస్తులో ఉన్న స్టూడియోలో ఆ ఏడాది అనిమే అనే జపాను బొమ్మల సీరీస్ ఒకటి మన భాషలోకి మారుతోంది. ఇరవై నాలుగు ఎపిసోడ్లు. కొండ మీద గొప్పింటి ఆడపిల్లలు చదివే బడి, అందరి చేతులకీ తెల్ల తొడుగులు. ఆ బడి కట్టించినావిడ మనవరాలే రాకుమారి. రెండో స్థానం ఎలా ఉంటుందో పుట్టాక ఎన్నడూ చూడని పిల్ల. అలాంటి చోటికి, కోటుకి ఒక బొత్తాం లేని పిల్ల ఉపకారవేతనం మీద చదువుకోవడానికి వస్తుంది. మొదటి రోజే రాకుమారి ఆమెకు గడ్డిపువ్వని పేరు పెడుతుంది. అక్కణ్ణించి ఇద్దరికీ పోటీయే పోటీ. పియానోలో పోటీ, చదరంగంలో పోటీ, గుర్రపు స్వారీలో పోటీ. ఎవరు టీ బాగా పోస్తారనే దాని మీద ఏకంగా ఒక ఎపిసోడ్ నడిచింది. ఇరవై రెండు నిమిషాలు పోశారు, ఎవరూ తాగలేదు.

ఈ సీరీస్ వల్ల అందరికన్నా ఎక్కువ బాధ పడ్డవాడు సౌండ్ ఇంజనీరు. అతను స్టూడియోలో చేరి ఏడాదిన్నర. మొహంలో కండరాలు కదలని మనిషి. పెళ్ళి ఫోటోలో కూడా పాస్‌పోర్టు ఫోటోలాగే ఉన్నాడని అతని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. అతను కోరుకునేది చాలా చిన్న విషయం. మీటలుండే కన్సోల్ బల్ల ముందు కూర్చుంటే ఎదురుగా అద్దం, అద్దానికి అవతల గొంతు రికార్డు చేసే బూత్, బూత్‌లో మైకు ముందు నిలబడ్డ మనిషి, ఇవి కనబడాలి. అతనికి కనబడేది మాత్రం మాస్టారి వీపు.

రాకుమారికి గొంతు ఇచ్చేది అక్క. వయసు యాభై ఎనిమిది. కళ్ళు మూసుకుని వింటే పదహారు దాటవు. స్టూడియోలో అందరికీ ఆవిడ అక్కే, ఐదేళ్ళు పెద్దవారైన మాస్టారికి కూడా. ఏ సీనైనా ఒక్క టేకులో చెప్పేస్తుందని పేరు. అక్కకి ఒక పట్టింపు ఉంది. ఎవరైనా సరే ఎదురుగా వచ్చి, మొహం చూసి మాట్లాడాలి. వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు. రాకుమారి పొగరు ఈవిడకీ అంటుకుందని నలుగురూ చాటుగా అనుకునేవారు.

అక్క బూత్‌లోకి అడుగు పెట్టగానే మాస్టారు లేచి వెళ్ళి అద్దానికి అతుక్కుపోయేవారు. తెర మీద రాకుమారి నవ్వితే ఈయనా నవ్వేవారు. రాకుమారి కళ్ళెర్రజేస్తే ఈయన మీసాలు నిక్కబొడుచుకునేవి. రాకుమారి గుర్రమెక్కిన రోజు ఈయన కుర్చీ ఎక్కారు. ఆ కుర్చీ ఇప్పుడు మూడు కాళ్ళతో మెట్ల కింద ఉంది.

"మాస్టారూ, కాస్త పక్కకి జరుగుతారా? నాకు అక్క కనబడట్లేదు."

"నేను కనబడుతున్నానుగా. అదే సీను."

"మీరు రాసేశారు, మీ పని అయిపోయింది. ఇక కూర్చోవచ్చుగా?"

"దేని మీద కూర్చోను బాబూ? కుర్చీ నువ్వు విరగ్గొట్టావు."

"నేనా?"

"నేను ఎక్కినప్పుడు నువ్వు పట్టుకోలేదు. పట్టుకోకపోతే విరగ్గొట్టినట్టే."

విచిత్రమేమిటంటే, గడ్డిపువ్వుకి గొంతిచ్చే కాలేజీ అమ్మాయి బూత్‌లోకి వెళితే మాస్టారు బుద్ధిగా మూలనున్న సోఫాలో కూర్చుని, పేపరు తీసి గళ్ళనుడికట్టు నింపుకునేవారు. తల కూడా ఎత్తేవారు కాదు.

"ఈ అమ్మాయికి యాక్షన్ చెయ్యరేం మాస్టారూ?" అని ఇంజనీరు ఒకసారి వెటకారంగా అడిగాడు.

"గడ్డిపువ్వులతో మాకు మాటల్లేవు," అన్నారు మాస్టారు పేపరు మడత మారుస్తూ. "అది సరే, మూడక్షరాలు. 'ఎప్పుడూ అడ్డుగా నిలిచేది.' ఏమై ఉంటుందంటావ్?"

"మాస్టారు."

ఆయన వేలితో గళ్ళు లెక్కపెట్టుకుని, "సరిపోయింది," అని రాసేసుకున్నారు.

స్టూడియోలో పిచ్చి స్టూడియోలోనే ఉంటే ఎవరికీ పేచీ లేదు. బస్సులో కండక్టరు "లోపలికి జరగండి సార్" అంటే ఈయన "ఆకాశం మాది" అన్నారట. "ఆకాశం మీదే సార్, ఫుట్‌బోర్డు మాత్రం నాది, జరగండి" అన్నాడట కండక్టరు. కూరగాయల కొట్లో టమాటాలు ఏరి, "ఇవి మా వంశానికి తగవు" అని పక్కన పెట్టి, మార్కెట్టంతా తిరిగి మళ్ళీ వచ్చి అవే కొనుక్కున్నారట. పళ్ళ డాక్టరు నోరు తెరవమంటే అట్టఫైలు అడ్డం పెట్టుకుని తెరిచారట. ఫైలు తీస్తే గానీ పన్ను కనబడదని డాక్టరు అరగంట బతిమాలాడట.

ఉండబట్టలేక ఇంజనీరు ఒకరోజు మాస్టారి ఇంటికి ఫోన్ చేశాడు. ఆయన భార్య ఎత్తారు.

"అమ్మా, మీరైనా ఆయనకి కాస్త చెప్పండి."

"ఏం చెప్పను నాయనా? పోయిన ఏడాది తోడేళ్ళ సీరీస్ రాశారా, మూడు నెలలు ఇంట్లో తోడేలు. పక్కింటివాళ్ళ కుక్క మంచం కింద నుంచి బయటికి రాలేదు. అంతకు ముందు మంత్రగత్తె. ఇల్లు ఊడుద్దామంటే చీపురు నా చేతికి దొరికేది కాదు. వాళ్ళందరికన్నా ఈ రాకుమారే నయం. రెండు పూటలా స్నానం చేస్తోంది."

ఇరవై ఒకటో ఎపిసోడ్‌లో ఇంజనీరు ఓర్పు నశించింది. అందులో రాకుమారి తెల్ల తొడుగు తీసి గడ్డిపువ్వు మొహాన విసురుతుంది. మాస్టారి చేతికి తొడుగు లేదు. ఆ సమయానికి చేతిలో ఉన్నది టీ కప్పు. కప్పు గోడకు తగిలింది, టీ కన్సోల్ మీద పడింది, మూడు మీటలు పంచదార పాకంలో ఇరుక్కుపోయి రెండు రోజులు కదల్లేదు. ఇంజనీరు ఆ సాయంత్రమే సీరీస్ ప్రసారం చేసే ఛానెల్‌కి ఉత్తరం రాశాడు. "పని లేనివారు రికార్డింగ్ గదిలో ఉండకుండా చూడవలసిందిగా మనవి." ఎవరి పేరూ రాయలేదు. అక్కర్లేదు కూడా.

ఛానెల్ నుంచి సూపర్‌వైజరు వచ్చింది. ముప్ఫై ఏళ్ళమ్మాయి. మెడలో స్టాప్‌వాచీ, ఒంటి మీద వాన కోటు. కోటు తీసి తలుపు వెనక మేకుకు తగిలించి, సోఫాలో కూర్చుని, మాస్టారిని ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"మీరు ఈ గదిలో ఏం చేస్తారండీ?"

మాస్టారు జుట్టు విసిరారు. "ఏలుతాం."

"బయట ఏలుకోండి," అంది సూపర్‌వైజరు.

మాస్టారు అట్టఫైలు చంకలో పెట్టుకుని, గడ్డం పైకెత్తి, "రాజ్యాలు పోవడం మా వంశానికి కొత్తేం కాదు," అంటూ బయల్దేరారు. గుమ్మం దగ్గర ఆగి ఇంజనీరు వైపు తిరిగారు. "అక్క కనబడట్లేదు అనేవాడివిగా బాబూ. ఇప్పుడు బాగా చూడు."

ఇంజనీరుకి ఆ ఉదయం హాయిగా ఉంది. అక్క బూత్‌లో ఉండగా అద్దం ఇంత ఖాళీగా కనబడటం ఏడాదిన్నరలో ఇదే మొదలు. అటువైపు మైకు, కాగితాల స్టాండు, కళ్ళజోడు తుడుచుకుంటున్న అక్క, అన్నీ కనబడుతున్నాయి.

ఆ రోజు ఇరవై మూడో ఎపిసోడ్. బడి విద్యార్థి నాయకురాలి ఎన్నికలో రాకుమారి గడ్డిపువ్వు చేతిలో ఓడిపోయింది, ఒక్క ఓటు తేడాతో. వాన పడుతున్న కిటికీ దగ్గర నిలబడి గడ్డిపువ్వుతో మాట్లాడుతుంది. ఒకటిన్నర నిమిషం సీను, మొదటి నుంచి చివరి దాకా వీపే. పెదాలు కనబడవు, మొహం కనబడదు. డబ్బింగ్‌లో పద్ధతి ఏమిటంటే, హెడ్‌ఫోన్‌లో మూడు బీప్‌లు పడతాయి, మూడోది ఆగగానే మాట మొదలుపెట్టాలి. ఆపైన అసలు గొంతు వింటూ, అది ఆగిన చోట ఆగుతూ, లేచిన చోట లేస్తూ పోవాలి.

మొదటి టేకులో అక్క ఒక ఊపిరి ఆలస్యమైంది. రెండో టేకులో ముందే మొదలుపెట్టింది. మూడో టేకులో రాకుమారి మౌనంగా ఉండాల్సిన చోట అక్క మాట్లాడింది, మాట్లాడాల్సిన చోట మౌనంగా ఉంది. ఇంజనీరు హెడ్‌ఫోన్ శబ్దం పెంచాడు. అది బయటికి కారి మైకులో పడింది. తగ్గించాడు. ఆరో టేకు, ఏడో టేకు.

"బీప్ కోసం ఆగండి మేడమ్," అంది సూపర్‌వైజరు బూత్‌లోకి వినబడే టాక్‌బ్యాక్ మైకులో, స్టాప్‌వాచీ మీద వంగి.

"మొహం చూసి మాట్లాడమ్మా," అంది అక్క.

మాటలో దర్పం ఉంది. కళ్ళు మాత్రం కాగితం వదిలి అద్దం వైపే చూస్తున్నాయి. ఇంజనీరు అది చూశాడు. ఇన్నాళ్ళూ మాస్టారి వీపు అడ్డం ఉండి చూడలేదు.

తొమ్మిదో టేకు పోయాక సూపర్‌వైజరు లేచింది. "పది నిమిషాలు బ్రేక్. ఇంకొక్క టేకు చూద్దాం. రాకపోతే రేపు వేరే గొంతుని పిలుద్దాం. చివరి రెండు ఎపిసోడ్లేగా, రాకుమారికి జలుబు చేసిందనుకుంటారు."

అక్కను ముప్ఫై ఏళ్ళలో ఎవరూ ఏ పాత్ర నుంచీ మార్చలేదు. ఒక్క చోట మారిస్తే ఆ కబురు సాయంత్రానికి అన్ని స్టూడియోలకీ చేరుతుంది. ఆపైన ఫోన్ మోగదు. ఈ సంగతి ఇంజనీరుకి తెలుసు. టీ తాగబుద్ధి కాక వరండాలోకి వచ్చాడు.

వచ్చి అక్కడే ఆగిపోయాడు. మూడు కాళ్ళ కుర్చీని తలుపు పక్క గోడకి ఆనించి, దాని మీద మాస్టారు నిలబడి ఉన్నారు. తలుపు పైభాగాన పళ్ళెమంత గుండ్రటి అద్దం ఉంది. ఆ అద్దంలోంచి లోపలికి కనబడేలా అట్టఫైలు ఊపుతున్నారు, గడ్డం ఎత్తుతున్నారు, జుట్టు విసురుతున్నారు. చెమటకి చొక్కా తడిసిపోయింది. అద్దానికి అవతలి వైపు సూపర్‌వైజరు వాన కోటు వేలాడుతోంది. గంట నుంచీ ఆయన నటించింది ఆ కోటు కోసం.

"మాస్టారూ! దిగండి, నడుం విరుగుతుంది!"

"ఎన్నో టేకు?"

"తొమ్మిది పోయాయి."

ఆయన దిగబోయారు. కుర్చీకి మిగిలిన మూడు కాళ్ళలో ఒకటి విరిగింది. ఇంజనీరు ఒక్క అంగలో వెళ్ళి ఆయన్ని పట్టుకున్నాడు.

"ఈసారి పట్టుకున్నావు," అన్నారు మాస్టారు. మొహంలో రాకుమారి లేదు. ఇంజనీరు ఆ మొహాన్ని ఎన్నడూ చూడలేదు. "ఆవిడకి బీప్ వినబడదు బాబూ."

"ఏమిటీ?"

"రెండేళ్ళయింది. సన్నటి శబ్దాలు ఒక్కొక్కటే పోతున్నాయి. నీ గొంతు వినబడుతుంది, తలుపు చప్పుడు వినబడుతుంది. బీప్, ఆ బడిపిల్లల సన్న గొంతులు, ఇవి లేవు. తెర మీద పెదాలు కనబడితే చూసి చెప్పేస్తుంది. కనబడనప్పుడు..." ఆయన అట్టఫైలు ఎత్తారు. "ఇది లేస్తే మొదలు. గడ్డం లేస్తే గొంతు పెంచాలి. జుట్టు విసిరితే ఆగాలి."

"చెవికి మిషను పెట్టుకోవచ్చుగా?"

"హెడ్‌ఫోన్ కింద ఈల వేస్తుంది. ఆ ఈల నీ మైకులో పడుతుంది. నువ్వు రిపోర్టులో రాస్తావు."

రాసేవాడే. ఇంజనీరు నేల చూశాడు.

"అక్క మీతో చెప్పిందా?"

"చెప్పలేదు. నా జోకులకి ఆలస్యంగా నవ్వడం మొదలుపెట్టింది. జోకు బాలేదేమోనని మార్చి చూశాను. అప్పుడూ ఆలస్యమే. ఒకరోజు అద్దం దగ్గర నిలబడి చెయ్యెత్తాను, ఆవిడ మొదలుపెట్టింది. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అంతే."

ఇంజనీరుకి ఒక్కొక్కటే తట్టింది. తోడేళ్ళ సీరీస్‌లో తల్లి తోడేలు అక్క. మంత్రగత్తె కూడా అక్కేనని ఎవరో అన్నారు. కాలేజీ అమ్మాయి బూత్‌లో ఉన్నప్పుడు గళ్ళనుడికట్టు.

"మరి బస్సులో ఎందుకండీ? కూరగాయల కొట్లో?"

"ఒక్క చోటే చేస్తే ఎందుకని అడుగుతారు. అన్ని చోట్లా చేస్తే పిచ్చి అంటారు. పిచ్చికి కారణం ఎవరూ అడగరు బాబూ." ఆయన మీసం సవరించుకున్నారు. "పళ్ళ డాక్టరు దగ్గర మాత్రం సరదాకే చేశాను."

ఇంజనీరు లోపలికి వెళ్ళి, మాస్టారిని ఒక్క పది నిమిషాలు రానివ్వమని అడిగాడు. సూపర్‌వైజరు బ్యాగులోంచి ఒక కాగితం తీసి చూపించింది. అది అతని ఉత్తరమే. కింద అతని సంతకం, సంతకం కింద రెండు గీతలు.

పదో టేకు. బూత్‌లో అక్క కాగితాలు సర్దుకుంటోంది, సీను కోసం సర్దుకుంటున్నట్టు లేదు, సంచిలో పెట్టుకునేలా ఉంది. ఇంజనీరు రికార్డు మీట మీద ఒక చెయ్యి ఉంచి లేచి నిలబడ్డాడు. కన్సోల్ తుడిచే పసుపుపచ్చ గుడ్డ భుజం మీద వేసుకున్నాడు. రిపోర్టు అట్ట రెండో చేతిలోకి తీసుకున్నాడు.

"కాస్త పక్కకి జరుగుతారా?" అంది వెనక నుంచి సూపర్‌వైజరు. "నాకు ఆవిడ కనబడట్లేదు."

"నేను కనబడుతున్నానుగా మేడమ్," అన్నాడు ఇంజనీరు. అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది.

మూడో బీప్ ఆగింది. అట్ట పైకి లేచింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా కదలని మొహం కదిలింది. మొదట ఒక కనుబొమ్మ, తర్వాత రెండోది, ఆ తర్వాత గడ్డం, ఎన్నాళ్ళుగానో మూసి ఉన్న కిటికీ రెక్కల్లా ఒక్కోటీ కిర్రుమంటూ. అద్దానికి అవతల అక్క తలెత్తి చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఇంజనీరు పసుపు గుడ్డను జుట్టులా విసిరాడు. అక్క ఆగింది. సరిగ్గా రాకుమారి ఆగిన చోట.

అక్కకి నవ్వు ముంచుకొచ్చింది. బండరాయి లాంటి మనిషి తుడుపుగుడ్డ జుట్టుతో పదహారేళ్ళ పిల్లయి ఎదురుగా నిలబడితే ఎవరికి రాదు? పళ్ళు బిగపట్టింది. ఆ బిగపట్టడంలో గొంతు సన్నగా వణికింది. ఓడిపోయి, ఏడవకూడదని ఒట్టు పెట్టుకున్న పిల్ల గొంతు ఎలా వణకాలో అచ్చం అలాగే.

"ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాను, గడ్డిపువ్వూ." అట్ట దిగింది. గుడ్డ ఎగిరింది. కొండ మీది బడిలో వాన వినబడేంత మౌనం. మళ్ళీ అట్ట లేచింది. "ఆ ఓటు నాది."

సూపర్‌వైజరు స్టాప్‌వాచీ ఆపడం మరిచిపోయింది. "ఓకే. ఇదే. తొమ్మిది టేకులు ఈ గొంతు ఎక్కడ దాచారండీ?" అంది. తర్వాత ఆమె చూపు ఇంజనీరు మీద పడింది. "మీకేమైంది?"

"ఈ గదిలో పనిచేస్తే ఇది వచ్చేస్తుంది మేడమ్."

"మందు లేదా?"

"ఉంది. మాస్టారు లోపలుంటే ఆయన ఒక్కరికే వస్తుంది."

ఆమె అతన్ని, గుడ్డని, మళ్ళీ అతన్ని చూసింది. "పిలవండి ఆయన్ని. ఆయనే నయం. మిమ్మల్ని చూడలేకపోతున్నాను."

మాస్టారు లోపలికి వచ్చారు. ఇంజనీరు భుజాన్ని పరీక్షగా చూసి పెదవి విరిచారు. "కుడి భుజం మీద వేశావేం బాబూ? రాకుమారి జుట్టు ఎడమ వైపు. ఇరవై మూడు ఎపిసోడ్లు నా వీపు చూసి నువ్వు నేర్చుకున్నది ఇదా?"

సాయంత్రం వెళ్ళిపోతూ అక్క కన్సోల్ దగ్గర ఆగింది. ఎదురుగా వచ్చి, మొహం చూస్తూ, "బాగా విసిరావు తమ్ముడూ," అంది. ఇంజనీరు ఆవిడ మొహం చూస్తూ తలూపాడు.

మర్నాడు స్టూడియోలో బీప్ మారింది. సన్నటి కూత పోయి, ఎవరో తలుపు తట్టినట్టు ధడ్ ధడ్ ధడ్‌మని మూడు దెబ్బలు వచ్చాయి. ఎందుకు మార్చారని ఛానెల్ అడిగితే, పాత బీప్ పాడైపోయిందని ఇంజనీరు రిపోర్టులో రాశాడు. అతను రిపోర్టులో అబద్ధం రాయడం అదే మొదలు. చేతిరాత మాత్రం ఎప్పటికన్నా గుండ్రంగా ఉంది.

నెల తిరిగేసరికి రాకుమారి కథ ముగిసి కొత్త సీరీస్ మొదలైంది. మంచు ఖండంలో పెంగ్విన్ల కాపురం. పెద్ద పెంగ్విన్ అక్క. సోమవారం పదింటికి మాస్టారు పాదాలు పక్కకి తిప్పి, చేతులు ఒంటికి అంటించుకుని, అటూ ఇటూ ఊగుతూ గదిలోకి వచ్చారు.

ఇంజనీరు ఏమిటని అడగలేదు. లేచి, తన కుర్చీ పక్కకి జరిపి, అద్దం దగ్గర రెండు పెంగ్విన్లు పట్టేంత చోటు చేశాడు.